ఎవరి ద్వారా?

బుధవారం ఎలా గడవాలో రాంచందర్ సోమవారం పొద్దున్నే నిర్ణయించుకున్నాడు. ఐదింటికి లేవాలి. గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా వేసుకుని, తొమ్మిదింటికి వరంగల్ చౌరస్తాలో బస్సెక్కాలి. హన్మకొండలో దిగి, లాడ్జి పై అంతస్తుకు వెళ్లి, ఆరో నంబరు గది ముందు నిలబడాలి. పదింటికి ఇంటర్వ్యూ. ఈ పథకంలో గొప్పేమీ లేదు. కానీ అందులో అతనొక్కడే ఉన్నాడు. అతనికి నచ్చింది అదే.

ఇంటర్వ్యూకు పిలిచింది హైదరాబాదులోని ఒక పెద్ద ఆడిట్ కంపెనీ. ఆ కంపెనీ భాగస్వామి ఒకాయన ఏటా జూన్‌లో ఇక్కడి మిల్లు లెక్కలు చూడటానికి వచ్చి, నాలుగు రోజులు లాడ్జిలో దిగేవాడు. ఈసారి, అంటే 1979లో, పనిలో పనిగా బీకాం పాసైన కుర్రాణ్ని ఒకణ్ని ఆర్టికల్స్‌కు తీసుకుందామనుకున్నాడు. ఆ కుర్రాడు మూడేళ్లు వాళ్ల దగ్గర పని నేర్చుకుంటూ పరీక్షలు రాయాలి. అన్నీ పాసైతే చార్టర్డ్ అకౌంటెంటు కావచ్చు. ఉన్నది ఒక్క సీటు. పిలిచింది నలుగురిని.

రాంచందర్ ఈ దరఖాస్తు ఎవరికీ చెప్పకుండా పెట్టాడు. దానికి కారణముంది. అతని ఇరవై ఏళ్ల జీవితంలో దొరికినవన్నీ తండ్రి నోటి మాట మీద దొరికినవే. బళ్లో సీటు, టైఫాయిడ్ వచ్చినప్పుడు దవాఖానలో మంచం, కాలేజీలో అడ్మిషన్, ఆఖరికి సినిమా హాల్లో మొదటి రోజు టికెట్. బీకాంలో ఫస్ట్ క్లాస్ వచ్చిందని తెలిసినప్పుడు కూడా, సంతోషించే ముందు అతను ఒకసారి తండ్రి ముఖంలోకి అనుమానంగా చూశాడు. తండ్రి నిజంగానే ఆశ్చర్యపోయినట్టు కనిపించాడు. అయినా అనుమానం తీరలేదు. తనదంటూ ఒకటి, ఎంత చిన్నదైనా సరే, తాను సంపాదించుకున్నది ఒకటి చేతిలో లేకపోతే తాను ఉన్నట్టా లేనట్టా అన్న ప్రశ్న అతన్ని కొంతకాలంగా వేధిస్తోంది. ఆ ప్రశ్నకు జవాబు ఆరో నంబరు గదిలో ఉందని అతను నమ్మాడు.

పథకం చొక్కా దగ్గర దెబ్బతిన్నది. తెల్ల చొక్కాకు కాలరు గుండీ లేదు. గుండీ కుట్టమని తల్లి సావిత్రిని అడిగాడు. ఎందుకని ఆమె అడిగింది. చెప్పాడు. వంటింటి నుంచి వసారాకు పన్నెండు అడుగులు. ఆ వార్త అంత దూరమూ ప్రయాణం చేయడానికి గుండీ కుట్టినంత సేపు కూడా పట్టలేదు.

"ఇంటర్వ్యూనా?" అన్నాడు పాండురంగం, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ. "ఎవరి ద్వారా?"

"ఎవరి ద్వారా లేదు బాపు. దరఖాస్తు పెట్టిన, పిలిచిండ్లు."

"ఎవరు లేంది ఎట్ల పిలుస్తర్రా?"

పాండురంగానికి చౌరస్తాలో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఆయన లోకంలో మనుషులు రెండు రకాలు: ఎవరి ద్వారానో వచ్చినవాళ్లు, ఊరికే వచ్చినవాళ్లు. ఊరికే వచ్చినవాళ్లకు ముందు గదిలో గిన్నెలు చూపించేవాడు. ఎవరి ద్వారానో వచ్చినవాళ్లను లోపలి గదిలోకి తీసుకెళ్లి చూపించేవాడు. రెండు గదుల్లోనూ అవే గిన్నెలు. కానీ లోపలి గదిలో కొన్నవాళ్ల ముఖంలో కనిపించే తృప్తి చూసి, ప్రపంచమంతా ఇలాగే నడుస్తుందని ఆయన ఏనాడో గ్రహించాడు.

అదే సమయానికి సావిత్రి తమ్ముడు వెంకట్రాజం వచ్చాడు. ఆర్టీసీ డిపోలో గుమాస్తా. ఆ ఇంటికి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాలు చదివే హక్కు ఆయనది. ఇంట్లో బీకాం చదివినవాడు ఉన్నా ఆ హక్కు ఇంకా చేతులు మారలేదు. ఉత్తరాన్ని దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివి, అడుగున చిన్న అక్షరాల దగ్గర ఆగాడు.

"బావా, అసలు సంగతి గిక్కడుంది. ఏ రకంగనన్న సిఫార్సు చేపిచ్చుకున్నోడు ఇంటర్వ్యూకు పనికిరాడని రాసిండ్లు."

"అదే నేను చెప్తాన మామా," అన్నాడు రాంచందర్. "ఎవ్వలు ఏం చెప్పద్దు. చెప్తె కొట్టేస్తరు."

పాండురంగం నవ్వాడు. కొడుకు అమాయకత్వం మీద ఆయనకు ఎప్పుడూ కోపం రాదు, జాలే.

"గోడ మీద ఇక్కడ ఉమ్మద్దని ఎప్పుడు రాస్తరు బిడ్డా? మంది ఉమ్మినంకనే గద. సిఫార్సులు రాంది గీ ముచ్చట ఎందుకు రాస్తరు? ఆ ముగ్గురు ఎవరి ద్వారా వస్తాండ్లో ఏమో. నువ్వొక్కనివే దిక్కులేనోని లెక్క పోతవా?"

రాంచందర్ ప్రాధేయపడ్డాడు. తర్వాత అరిచాడు. ఆ తర్వాత అన్నం తిననన్నాడు. చివరిది పనిచేసింది. సావిత్రి కళ్లు తుడుచుకుంది. పాండురంగం దేవుడి పటం వైపు చేయెత్తి మాట ఇచ్చాడు.

"సరె. నేను పోయి ఎవ్వనితోని నోరు తెర్వ. సాలునా?"

ఆయన మాట తప్పే మనిషి కాడు. ఆ పొద్దే ఉత్తరం జేబులో పెట్టుకుని వకీలు కిషన్ రావు ఇంటికి వెళ్లి, వరండాలో గంటసేపు నోరు తెరవకుండా కూర్చున్నాడు.

మౌనంగా కూర్చున్న మనిషిని భరించడం కష్టం. అందులోనూ ముప్ఫై ఏళ్లుగా వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడిగిన మనిషి. అడిగితే కాదనవచ్చు. అడగనివాణ్ని కాదనడానికి పద్ధతంటూ లేదు. కిషన్ రావు రెండు కేసుల కాగితాలు తిరగేశాడు, ఒకసారి దగ్గాడు, చివరికి తట్టుకోలేక "ఏంది పాండురంగం, ఇంట్ల అందరు మంచిగున్నరా?" అన్నాడు. పాండురంగం నిట్టూర్చి, ఉత్తరం తీసి బల్ల మీద పెట్టి, దేవుడి సాక్షిగా నోరు మూసుకునే లేచి వచ్చాడు.

సాయంత్రం దుకాణం ముందు రిక్షా ఆగింది. కిషన్ రావు దిగకుండానే, నాలుగు దుకాణాలకు వినిపించేట్టు చెప్పాడు.

"చెప్పిన పాండురంగం! నీ కొడుకును నా కొడుకే అనుకొమ్మని ఆడిటర్‌కు చెప్పిన. ఫికర్ చెయ్యకు."

ఆ నాలుగు దుకాణాల్లో ఒకదాని ముందు సారంగపాణి నిలబడి ఉన్నాడు. అతను రాంచందర్‌కు స్నేహితుడు, ఇంటర్వ్యూకు పిలిచిన నలుగురిలో ఒకడు. కాశిబుగ్గలో వాళ్ల నాన్న మగ్గం నేస్తాడు. కాలేజీలో ఫస్ట్ వచ్చింది సారంగపాణికి. అది ఎవరి ద్వారా వచ్చిందో అనుమానించాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. అతను సర్టిఫికెట్ల నకళ్లు ఇవ్వడానికి మధ్యాహ్నం లాడ్జికి వెళ్లి, కళ్లారా చూసినది చెప్పడానికి వచ్చాడు.

"వకీల్ సాబ్ మెట్లు దిగంగనే ఆడిటర్ ఫైలు తెరిచిండు. ఎర్ర పెన్సిల్ తీసిండు. నీ పేరు పక్కన ఏందో గీసిండ్రా."

"కొట్టేసిండా?"

"కొట్టేసిండో, గుర్తు పెట్టుకున్నడో నాకేమెర్క? ఎర్రగనైతె గీసిండు."

రాంచందర్ మనసులో ఏదో రగిలింది. అది కోపమేనని అతను తేల్చుకున్నాడు. లోపల ఇంకెక్కడో, కిషన్ రావు మాటకు కొంచెం విలువ ఉన్నా ఉండవచ్చునన్న ఆలోచన తల ఎత్తింది. అతను దాన్ని గుర్తుపట్టకముందే తల వంచుకుంది.

మంగళవారం పొద్దున తండ్రీకొడుకుల మధ్య రెండో ఒప్పందం జరిగింది. పాండురంగం వెళ్లి, చేయించిన సిఫార్సును వెనక్కి తీసుకోమని కిషన్ రావుకు చెప్పాలి. ఈసారి నోరు తెరవవచ్చు.

కిషన్ రావు విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పాండురంగం, ముప్పై ఏండ్ల సంది మంది గురించి చెప్తాన. ఇయ్యుమని చెప్పిన, పంపుమని చెప్పిన, ఇడిసిపెట్టుమని చెప్పిన. వద్దు అని ఎన్నడు చెప్పలే. ఇయ్యాల పోయి వద్దంటె రేపటి సంది నా మాటకు ఇజ్జత్ ఉంటదా?"

"మరి ఎట్ల వకీల్ సాబ్?"

"నాకంటె పెద్దోడు ఎవడన్న వచ్చి నాకు చెప్పాలె. అప్పుడు నేను తగ్గినా మర్యాదగుంటది."

అంటే సిఫార్సు తీసివేయడానికి సిఫార్సు కావాలి. పాండురంగానికి ఇందులో వింతేమీ కనిపించలేదు. పైగా మొదటిసారి తనకు అర్థమయ్యే పని దొరికినట్టు ఆయన ఉత్సాహంగా సైకిలెక్కి రైస్ మిల్లర్ల సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాడు.

అధ్యక్షుడు లావుగా, నిదానంగా ఉండే మనిషి. ఒక కోర్టు వ్యవహారం నుంచి ఆయనకూ కిషన్ రావుకూ మూడేళ్లుగా మాటల్లేవు. సంగతి విని ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"కిషన్ రావు మాట చెల్లద్దు. అంతేగద నీక్కావల్సింది?"

"అంతే సేటు. మీరు ఆయనకు జర చెప్పి..."

"ఆయనకు చెప్పుడెందుకయ్యా? సీదా ఆడిటర్‌కే చెప్త."

ఆయన సీదా లాడ్జికి వెళ్లాడు. ఆ గదిలో కాఫీ తాగుతూ గంటసేపు కూర్చుని, కిషన్ రావు మాటకు ఈ ఊళ్లో చిల్లిగవ్వ విలువ లేదనీ, దాన్ని అసలు వినలేదనుకొమ్మనీ చెప్పాడు. లేచేముందు మర్యాద కోసం, "పిల్లగాడు మావోడే, చూసుకోండి" అన్నాడు. ఆ చివరి మాట ఆయన అనుకుని అన్నది కాదు. ఏ ఆఫీసులోనైనా కుర్చీలోంచి లేస్తున్నప్పుడు ఆయన నోటి నుంచి దానంతటదే వచ్చేది.

మధ్యాహ్నానికి పాండురంగం ఇంకో ఇద్దరిని కలిశాడు. ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు, రెండో ఆయన ఆ లాడ్జి యజమాని. ఇద్దరికీ ఒకటే విన్నపం: దయచేసి మా వాడికి ఆ సీటు ఇమ్మని ఎవరూ అనకుండా చూడండి. ఇద్దరూ సరేనన్నారు, ఆ పూటే లాడ్జి గదికి వెళ్లి చెప్పారు కూడా. ఇద్దరూ ఆయన వెళ్లాక ఒకటే ఆలోచించారు. కన్నతండ్రి ఎర్రటి ఎండలో సైకిలు మీద తిరుగుతూ, కొడుకుకు ఉద్యోగం రాకుండా చూడమని వేడుకుంటున్నాడంటే ఆ కొడుకులో ఏదో ఉంది.

ఏముందో తేల్చడానికి చౌరస్తాకు రెండు గంటలు పట్టింది. మూడింటికి పక్కింటి రాజక్క వచ్చి సావిత్రి పక్కన కూర్చుంది. చాలా సేపు ఆమె చెయ్యి నిమిరింది.

"సావిత్రమ్మా, పిల్లగానికి ఎన్ని రోజుల సంది వస్తానయి?"

"ఏందొస్తానయి?"

"నా దగ్గర దాస్తవేందమ్మా. ఫిట్సు."

"ఫిట్సా? మా రాంచందర్‌కా?"

"ఊరంత అంటాండ్లు. గందుకే నౌకరి వద్దని మీ ఆయన తిరుగుతాండట గద. ములుగు దిక్కు అడివిల ఒకాయన చెట్టుమందు ఇస్తడు. ముక్కుల పిండుతడు. మా మరిదికి మూడు రోజులల్ల తగ్గింది. ఆయనకు వేరే రోగముండె, అయినా తగ్గింది."

లోపలి గదిలో పద్దెనిమిది రకాల ఖర్చుల్లో ఏది ఏ పద్దు కిందికి వస్తుందో వల్లె వేసుకుంటున్న రాంచందర్ ఇదంతా విన్నాడు. బయటికి వచ్చి తనకేమీ లేదని చెప్పాలనుకున్నాడు. కానీ ఆ చెప్పేటప్పుడు గొంతు వణికితే, కళ్లెర్రబడితే, చెయ్యి ఊగితే? ఆరోగ్యంగా ఉన్నవాడు ఎలా నిలబడతాడో అతనికి ఒక్కసారిగా గుర్తుకు రాలేదు. అక్కడే కూర్చుండిపోయాడు. తలుపు సందులోంచి రాజక్క ఆ నిశ్చలత్వాన్ని గమనించి తల ఊపింది.

నాలుగింటికి ములుగు జీపు ఒకటి, చౌరస్తాలో ఆ కబురు విని, ఇంటి ముందు ఆగింది. బీడీల తునికాకు కాంట్రాక్టరు యాకయ్యది అది. అడవిలో కూలీల వంటలకు కావలసిన గంగాళాలన్నీ ఆయన పాండురంగం దుకాణంలోనే కొంటాడు. గొంతు పెద్దది, మనసు అంతకంటే పెద్దది, వినే ఓపిక మాత్రం అసలు లేదు.

"ఏమయ్యా షావుకారి, కొడుకుకు రోగమని నువ్వే ఊరంత చెప్తానవంట! తండ్రివేనా నువ్వు?"

"అది గాదు యాకయ్యా, నేను చెప్పింది..."

"ఏం చెప్పకు. చెప్పింది సాలు. రా బిడ్డా, జీపెక్కు."

ఆయన రాంచందర్‌ను ఎక్కించుకుని తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు కళ్లలోకి టార్చి వేసి చూశాడు, నాలుక చూశాడు, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు లేచింది. ఆ రెండు రోజుల్లో ఎవరి ప్రమేయం లేకుండా తనంతట తాను పనిచేసిన అవయవం అదొక్కటేనని రాంచందర్‌కు తోచింది. ఆరోగ్యం దివ్యంగా ఉందని డాక్టరు కాగితం రాసిచ్చాడు. కాగితాన్ని ఎవడు నమ్ముతాడని యాకయ్య డాక్టర్నే జీపెక్కించి లాడ్జికి తీసుకెళ్లాడు. ఇద్దరూ కలిసి, ఈ కుర్రాడికి ఏ రోగమూ లేదనీ, ఉందన్నవాళ్లకే ఉందనీ ఆడిటర్‌కు నచ్చజెప్పి వచ్చారు.

సాయంత్రం వెంకట్రాజం డిపో నుంచి వచ్చేసరికి ఇల్లు చావు ఇల్లులా ఉంది. సంగతి విని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇలాంటప్పుడు మనుషులు వెళ్లకూడదనీ, కాగితం వెళ్లాలనీ చెప్పాడు.

"ఆకాశరామన్న ఉత్తరం రాద్దాం బావా."

"గది చెడగొట్టేటందుకు రాస్తరు గద?"

"మనం బాగుచేసేటందుకు రాద్దాం. ఎవలకెర్క, ఎవలు రాసిండ్లని?"

ఆయన ఇంగ్లీషులో అరగంట శ్రమపడ్డాడు. ఆ ఉత్తరం సారాంశం ఇది: అయ్యా, రాంచందర్ అనే అభ్యర్థికి ఈ లోకంలో ఎవరూ లేరు. అతని కోసం వచ్చినవాళ్లెవరూ అతని కోసం వచ్చినవాళ్లు కారు. దయచేసి అతన్ని దిక్కులేనివాడిగా భావించి న్యాయం చేయగలరు. ఇట్లు, మీ శ్రేయోభిలాషి.

సావిత్రి ఇదంతా వింటూ పొయ్యి మీద బియ్యప్పిండితో సర్వపిండి కాలుస్తోంది. రెండు రోజులుగా ఇంట్లో అందరూ ఏదో ఒకటి చేశారు, తానే ఏమీ చేయలేదన్న బాధ ఆమెకు ఉంది. నాలుగు సర్వపిండులు స్టీలు డబ్బాలో పెట్టి తమ్ముడి చేతికిచ్చింది.

"ఎట్లనో పోతానవ్ గద, గిది గూడ ఇచ్చిరా. పాపం, హోటల్ కూడు తింటాండు."

"అక్కా, ఎవ్వలేం చెయ్యద్దని రాసిండ్లే!"

"వద్దన్నది చెప్పుడు గద. తినుడు వద్దన్నరా?"

ఉత్తరాల ఇంగ్లీషులో ఆరితేరిన వెంకట్రాజానికి ఈ వాదనలో లొసుగు దొరకలేదు. ఉత్తరాన్ని డబ్బా మీద పెట్టి, లాడ్జి గుమాస్తాకు ఇచ్చి, పేరు చెప్పకుండా తిరిగి వచ్చాడు. గిన్నెల వ్యాపారి ఇంట్లో ప్రతి డబ్బా మీదా మూత మీదా ఇంటాయన పేరు చెక్కి ఉంటుందన్న సంగతి దారిలో ఆయనకు తట్టింది. అప్పటికి బస్సు కదిలింది.

బుధవారం రాంచందర్ ఐదింటికి లేచాడు. గడ్డం గీసుకున్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఆశ్చర్యకరంగా, పథకం ప్రకారమే బస్సెక్కాడు. రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాడు. లోపలికి వెళ్లగానే నిజం చెప్పేయాలి. వీళ్లెవరినీ నేను పంపలేదు, నిబంధన ప్రకారం నన్ను కొట్టేయండి, లేదా నన్ను నన్నుగా ప్రశ్నలడగండి అనాలి. ఆ వాక్యాన్ని బస్సులో ముప్ఫై సార్లు మనసులో అనుకున్నాడు. ప్రతిసారీ ఆ వాక్యం చివర ఆడిటర్ లేచి నిలబడి అతనితో చేయి కలుపుతున్నాడు. ఓడిపోవడానికి సిద్ధపడినవాడి ఊహల్లో కూడా ఇంత గెలుపు దాగి ఉంటుందని అతనికి తెలియదు.

లాడ్జి ముందు యాకయ్య జీపు ఆగి ఉంది. ఎదురుగా ఉన్న హోటల్లో పాండురంగం పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. ఎవరితోనూ నోరు తెరవడం లేదు.

పైన వరండాలో సారంగపాణి, తన తండ్రి నేసిన బట్టతో కుట్టిన సంచిలో సర్టిఫికెట్లు పెట్టుకుని కూర్చున్నాడు. మిగతా ఇద్దరిని పది పది నిమిషాల్లో పంపించేశారు. సారంగపాణి లోపలికి వెళ్లి నలభై నిమిషాలున్నాడు. చెమటతో తడిసి, వెలిగిపోతున్న ముఖంతో బయటికి వచ్చాడు.

"మొత్తం అడిగిండ్రా! తరుగుదల అడిగిండు, స్టాకు ఎట్ల లెక్కకడ్తరో అడిగిండు, కంపెనీ లా అడిగిండు. ఒక్కటి తప్ప అన్ని చెప్పిన. ఇసొంటోన్ని ఇన్నేండ్లల్ల చూడలే అన్నడు."

రాంచందర్‌కు సంతోషమే అనిపించింది. ఆ సంతోషం కొంచెం నొప్పిగా ఉంది.

ఆడిటర్ బందరు వైపు మనిషి. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ నలగకుండా కూర్చుని ఉన్నాడు. ముందు ఒక ఫైలు, ఎర్ర పెన్సిలు, కడిగి తుడిచిన స్టీలు డబ్బా.

"కూర్చోండి."

"సార్, నేను ముందు ఒక మాట చెప్పాలి," అన్నాడు రాంచందర్. బస్సులో అనుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. వీళ్లెవరినీ తాను పంపలేదని, నిబంధన ప్రకారం తనను కొట్టేయవచ్చని, కొట్టేయకపోతే దయచేసి ప్రశ్నలడగమని. గొంతు వణకలేదు. చెయ్యి ఊగలేదు.

ఆడిటర్ ఆసక్తిగా విన్నాడు. చేయి మాత్రం కలపలేదు. ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు.

"రెండు రోజుల్లో మీ గురించి వచ్చినవాళ్లు ఆరుగురు. ఉత్తరం ఒకటి. ఈ డబ్బా ఒకటి. ఉత్తరం రాసినాయన పేరు రాయలేదు, డబ్బా మీద మాత్రం మీ నాన్నగారి పేరుంది. అమ్మగారికి చెప్పండి, చాలా బాగున్నాయి."

"సార్, నేను వద్దనే..."

"వినండి. నేను ఏడేళ్లుగా ఈ ఊరు వస్తున్నాను. ఇక్కడ మాకున్నది ఒక్క మిల్లు. బ్రాంచి పెడదామంటే మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్లేరి? ఆ రైస్ మిల్లర్ల అధ్యక్షుడికి నాలుగు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. నిన్న ఆయనే వచ్చి ఈ మంచం మీద గంటసేపు కూర్చున్నాడు. ఆయనంటే పడని వకీలుగారు అంతకు ముందు రోజే వచ్చారు. ఇద్దరూ మీ ఒక్కరి కోసం! ములుగు కాంట్రాక్టరుగారైతే తన లెక్కలు చూసిపెట్టమని పొద్దున్నే అడిగి వెళ్లారు."

"కానీ సార్, ఉత్తరంలో ఆ నిబంధన..."

"ఒకరు వచ్చి చెబితే అది సిఫార్సు. ఊరు ఊరంతా వస్తే అది పరపతి, మన లెక్కల భాషలో గుడ్‌విల్. సిఫార్సును మేం ఒప్పుకోం. గుడ్‌విల్‌ను ఆస్తుల వైపు చూపిస్తాం. ఒకటో తారీఖున వచ్చి చేరండి."

అప్పుడు రాంచందర్‌కు ఒళ్లు మండింది. మండిందని అతను అనుకున్నాడు. కాస్త పరిశీలించి చూస్తే, ఆ మంట అడుగున చల్లగా, హాయిగా ఏదో పరుచుకుంటోంది. అది ఊరట అని గుర్తుపట్టగానే అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ అసహ్యాన్ని ఎక్కడైనా మంచి పనిగా మార్చుకోకపోతే బతకలేననిపించింది.

"నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు సార్. సారంగపాణిని నలభై నిమిషాలు అడిగారు. కాలేజీ ఫస్ట్ అతను. నాకంటే వెయ్యి రెట్లు నయం. అతన్ని తీసుకోండి సార్. పాపం, అతనికి ఎవరూ లేరు."

ఆడిటర్ ముఖంలో మొదటిసారి విచారం కనిపించింది. సారంగపాణి దరఖాస్తు తీసి ముందు పెట్టుకున్నాడు.

"నిజమే. చాలా తెలివైన కుర్రాడు. మీ ఇద్దరినీ తీసుకుందామని ఇందాకే హైదరాబాదుకు ట్రంకాల్ చేసి ఒప్పించాను. అతనికి ఇప్పటిదాకా ఎవరూ లేరు." ఎర్ర పెన్సిలు అందుకున్నాడు. "ఇప్పుడు మీరున్నారు."

"సార్?"

"ఒకరు చెబితే సిఫార్సేనండీ. నిబంధనంటూ పెట్టాక ఒకచోటయినా పాటించకపోతే హైదరాబాదులో అడుగుతారు." ఆ దరఖాస్తు మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీశాడు. గీత చాలా తిన్నగా వచ్చింది. "దయచేసి మీ నాన్నగారిని పైకి పంపుతారా? ఆయనతో మాట్లాడవలసినవి చాలా ఉన్నాయి."

రాంచందర్ ఏదో అనాలని నోరు తెరిచాడు. ఇప్పుడు ఏమన్నా అది రెండో సిఫార్సు అవుతుంది. ఊరంతటినీ తీసుకురావడానికి సారంగపాణికి ఊరు లేదు. అతను డబ్బా తీసుకుని, నమస్కారం పెట్టి, బయటికి వచ్చాడు. ఆ నమస్కారం తన చేతులు వాటంతటవే పెట్టాయని తర్వాత చాలాసార్లు తనకు తాను చెప్పుకున్నాడు.

పాండురంగం పిలుపు విని, పేపరు మడిచి, చొక్కా సర్దుకుని మెట్లెక్కి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ కొడుకు భుజం తట్టాడు. ఆయన లోపల నలభై నిమిషాల కంటే ఎక్కువే ఉన్నాడు.

సారంగపాణి లాడ్జి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏమడిగిండ్రా?"

"నన్నేం అడగలే."

"ఏం అడగలేదా? మరి గింతసేపు ఏం మాట్లాడిండ్లు?"

"నీ ముచ్చట వచ్చింది."

"నా ముచ్చటా? నువ్వేం చెప్పినవ్?"

"మంచిగనే చెప్పిన," అన్నాడు రాంచందర్, డబ్బా మీద తండ్రి పేరును చూస్తూ. "నాకంటె నయమని చెప్పిన. నిన్నే తీసుకొమ్మన్న."

సారంగపాణి సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు.

"మీకందరికి ఎవలో ఒకలు ఉన్నరు, నాకెవ్వలు లేరని నిన్న రాత్రంత నిద్రపట్టలేదురా. నాకు గూడ ఒకడున్నడన్నట్టు."

ఎంత వద్దన్నా వినకుండా, ఆ పూట చాయ్ సారంగపాణే తాగించాడు.